పోష్యవర్గం, ఆహ్వాన లేఖ, ఆధారితుల గడి: బోధన్–నిజామాబాద్ నేపథ్యంలో ప్రవాస కథ పరిశీలన

ప్రవాస తెలుగు కథలో తల్లిదండ్రులకు ఒక స్థిరరూపం ఏర్పడి చాలాకాలమైంది. స్వగ్రామంలో ఉన్నప్పుడు వారు ఫోను కోసం ఎదురుచూస్తారు. కూతురి పురిటికో కొడుకు గృహప్రవేశానికో అమెరికా వెళ్లినప్పుడు కిటికీలోంచి మంచు చూస్తూ పగళ్లు గడుపుతారు, మనుమలను ఆడిస్తారు, ఆరు నెలలు నిండగానే తిరుగు విమానం ఎక్కుతారు. వంగూరి ఫౌండేషన్ 'అమెరికా తెలుగు కథానిక' సంపుటాలు వెలువడుతూ వచ్చిన కాలమంతటా ఈ రూపం పెద్దగా మారలేదు. దాన్ని ఆశ్రయించి మంచి కథలు రాకపోలేదు. అయితే ఆ ఆరు నెలలు ఎవరు విధించారు, ఎందుకు విధించారు అన్న ప్రశ్న కథలో అరుదుగా వినిపిస్తుంది. ఋతువు మారినట్లు గడువు ముగుస్తుంది. తల్లి సూట్‌కేసు సర్దుకుంటుంది. గడువును ప్రకృతి ధర్మంగా స్వీకరించిన కథకు మిగిలేది కరుణ ఒక్కటే.

ఈ గడువు వెనుక రెండు కాగితాలున్నాయి. ఒకటి సందర్శక వీసా దరఖాస్తు, మరొకటి సంతానం ఏటా సమర్పించే ఆదాయపు పన్ను పత్రం. మొదటిది తల్లిని స్వతంత్రురాలిగా చూపమంటుంది. రెండవది ఆధారితగా చూపమంటుంది. ఒకే తల్లి రెండు పరస్పర విరుద్ధ పాత్రలు ధరించవలసి రావడంలో ఉన్న నాటకీయత ఎదురుచూపులో ఉన్నదానికంటె చిక్కనిది. ప్రవాస కథ దాన్ని గుర్తించక పోవడం వస్తుదారిద్ర్యం కాదు, దృష్టిలోపం.

పన్ను పత్రం సంగతి ముందుగా చూడాలి. అమెరికా పన్ను చట్టం ప్రకారం తల్లినిగాని తండ్రినిగాని ఆధారితులుగా చూపడానికి వారు సంతానంతో ఒకే ఇంట్లో ఉండనక్కరలేదు. వారి పోషణ వ్యయంలో సగానికి మించి సంతానం భరించాలి. వారి స్వంత ఆదాయం ఒక పరిమితి లోపల ఉండాలి. 2024 సంవత్సరానికి ఆ పరిమితి 5,050 డాలర్లు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి విరమించి ఉద్యోగుల పింఛను పథకం కింద నెలకు కనిష్ఠ మొత్తమైన 1,000 రూపాయలు అందుకునే బోధన్ తండ్రి ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతాడు. అతడు ఓడిపోయేది మరొక నిబంధన దగ్గర. ఆధారితుడు అమెరికా పౌరుడో జాతీయుడో నివాసియో కావాలి. లేదా కెనడా, మెక్సికోలలో ఏదో ఒక దేశపు నివాసి కావాలి. మెక్సికోలోని తల్లికి డబ్బు పంపే కొడుకు ఆమె పేరు పత్రంలో రాయవచ్చు. బోధన్‌లోని తల్లికి అంతే డబ్బు పంపే కొడుకు రాయలేడు. పోషణ ఒకటే, ప్రేమ ఒకటే, భూగోళం వేరు.

తల్లి అమెరికాకు సందర్శకురాలిగా వచ్చినప్పుడు ఈ నిబంధన కొత్త మలుపు తిరుగుతుంది. పన్ను చట్టానికి నివాసం అంటే రోజుల లెక్క. ఆ ఏడాది కనీసం 31 రోజులు ఉండి, ఆ ఏటి రోజులు పూర్తిగాను, కిందటేటివి మూడోవంతు, అంతకు ముందటేటివి ఆరోవంతు చొప్పున కలిపితే 183కు చేరినవారు నివాసులు. సందర్శకులకు సాధారణంగా ఇచ్చే గడువు ఆరు నెలలు. నెలల నిడివిని బట్టి ఆరు నెలలంటే 181 నుంచి 184 రోజులు. జనవరి 1న దిగి జూన్ 30న వెళ్లిపోయే తల్లి, అంతకు ముందు రెండేళ్లలో రాకపోయి ఉంటే, సాధారణ సంవత్సరంలో 181 రోజుల దగ్గరే ఆగిపోతుంది. మార్చి 1న దిగి ఆగస్టు 31 దాకా ఉన్న తల్లి నివాసి అవుతుంది. ప్రవాస కథలో తల్లి సూట్‌కేసు సర్దుకునే ఆ రోజు, ఒక చట్టం ఆమెను అతిథి అనడం మానుకొని మరొక చట్టం నివాసి అనడం మొదలుపెట్టే సరిహద్దుకు ఒకటి రెండు రోజుల దూరంలో ఉందన్నమాట. దీనివల్ల ఒనగూడే లాభం ఎంత? 2017 వరకు ఒక్కొక్క ఆధారితునికి 4,050 డాలర్ల మినహాయింపు ఉండేది. 2018 నుంచి దాని స్థానంలో పెద్దవారైన ఆధారితులకు లభించేది గరిష్ఠంగా 500 డాలర్ల పన్ను తగ్గింపు. విమాన టికెట్టు ధరలో ఒక భాగానికి మాత్రమే ఇది సరిపోతుంది. అయినా ఎన్నో ప్రవాస కుటుంబాలు ఈ గడి దగ్గర ఆగి ఆలోచిస్తాయి. పత్రంలో తల్లి పేరు రాయగలగడం డబ్బు వ్యవహారం మాత్రమే అయి ఉంటే ఇంత ఆలోచన అవసరమయ్యేది కాదు.

ఆ ఆలోచనకు అసలు కారణం వీసా. 1952 నాటి అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షను ప్రకారం, సందర్శక వీసా కోరే ప్రతి వ్యక్తీ స్థిరపడిపోయే ఉద్దేశంతోనే వస్తున్నట్లు అధికారి మొదట భావించాలి. కాదని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుది. కాబట్టి బోధన్ దంపతులు హైదరాబాద్ కాన్సులేటు కిటికీ ముందు నిలబడినప్పుడు తమకు ఇల్లుందని, పొలముందని, తిరిగి రాక తప్పని బంధాలున్నాయని చెప్పాలి. కొడుకు మీదనే ఆధారపడి బతుకుతున్నామని చెబితే ఆ మాటే వారికి ప్రతికూలం కావచ్చు. పన్ను చట్టం, వీసా చట్టం వేర్వేరు. ఒకదాని లెక్కలో నివాసి అయినంత మాత్రాన మరొకదాని లెక్కలో తప్పు జరిగినట్లు కాదు. కాని 'ఆధారిత' అన్న ఒక గడిలో రాసిన పేరు వచ్చేసారి వీసాకు అడ్డం వస్తుందేమో అన్న భయం న్యాయశాస్త్రం చదివి పుట్టినది కాదు. ఒకే మనిషి గురించి రెండు విధాలుగా చెప్పవలసి వచ్చినప్పుడు కలిగే సహజమైన బెరుకు అది. కథకు పనికివచ్చేది ఆ బెరుకే.

ఈ ద్వైధం అతిస్పష్టంగా కనిపించే రచన ఆహ్వాన లేఖ. సాహిత్య విమర్శ దీన్ని ప్రక్రియగా పరిగణించదు. అయినప్పటికీ నిజామాబాద్ పట్టణంలో వీసా దరఖాస్తులు నింపిపెట్టే దుకాణాల నుంచి కోటగిరి, వర్ణి ప్రాంతాల్లోని క్యాంపు గ్రామాల వరకు ఇది నేడు అందరికీ తెలిసిన లేఖారూపం. దాని నిర్మాణం దాదాపు మారదు. రాసేవాడి ఉద్యోగం, చిరునామా, వచ్చేవారితో బంధుత్వం, రాకకు కారణం, తేదీలు, రానుపోను ఖర్చులు, వసతి, వైద్యం అన్నీ తానే భరిస్తానన్న హామీ, చివరగా వారికి స్వదేశంలో ఆస్తిపాస్తులున్నాయని, గడువు లోపల తిరిగి వెళ్తారని మరొక హామీ. మొదటి హామీలో తల్లి పూర్తిగా ఆధారిత, రెండవ హామీలో సర్వస్వతంత్ర. రెండింటి మధ్య ఒక్క వాక్యం ఎడం కూడా ఉండదు.

విచిత్రమేమంటే ఈ లేఖను అడిగినవారెవరూ లేరు. సందర్శక వీసాకు ఆహ్వాన లేఖగాని పోషణ హామీ పత్రంగాని అవసరం లేదని అమెరికా విదేశాంగ శాఖే చెబుతుంది. దరఖాస్తుదారు తన స్థితిగతుల మీదనే నిలబడాలి తప్ప ఆహ్వానించినవారి మాట మీద కాదు. చదివేవాడికి అక్కరలేని లేఖ ఇంత నిష్ఠగా ఎందుకు రాయబడుతోంది? ఒక సమాధానం అజ్ఞానం అనవచ్చు. అది చాలదు. లేఖ సంబోధించేది అధికారిని, నిజంగా చదువుకునేది తల్లిదండ్రులు. నెలకోసారి డబ్బు పంపుతూ ఏనాడూ చెప్పని మాటను, వారి పోషణ తనదన్న మాటను, కొడుకు సంతకం చేసి పంపుతాడు. వారు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పాస్‌పోర్టులతో కలిపి దాస్తారు. పోషణ గురించి తెలుగు కుటుంబంలో లిఖితరూపంలో మిగిలే బహుశా ఏకైక వాక్యం అందులోనే ఉంటుంది, అదీ ఇంగ్లీషులో.

'ఆహ్వానం' అన్న మాట మీద కొంచెం ఆగాలి. ధర్మశాస్త్ర సంప్రదాయంలో గృహస్థు పోషించవలసిన వారిని పోష్యవర్గం అన్నారు. దక్షస్మృతి చెప్పే వరుసలో తల్లి, తండ్రి మొదట ఉంటారు. గురువు, భార్య, సంతానం, దీనులు, ఆశ్రితులు తరువాత వస్తారు. అభ్యాగతుడూ అతిథీ చివరివైపున ఉంటారు. తల్లిని పిలవడానికి ఆహ్వానం అక్కరలేదు, పిలుపు చాలు. సందర్శక వీసా ఆమెను వరుస మొదటి నుంచి చివరికి, పోష్యస్థానం నుంచి అతిథిస్థానానికి పంపింది. పన్ను పత్రంలోని గడి ఆమెను మళ్లీ మొదటికి తెస్తానంటుంది, 183 రోజులు పూర్తయితే. 'డిపెండెంట్' అన్న మాటకు తెలుగులో వాడుతున్న 'ఆధారితులు' దీనికి సరితూగదు. అందులో వాలిపోవడం ఉంది గాని హక్కు లేదు. నిజామాబాద్ పల్లెల్లో ముసలితనంలో చూసుకోవడాన్ని 'అర్సుకొనుడు' అంటారు. ప్రాచీన కవులు విచారించు, కనిపెట్టి చూచు అన్న అర్థాల్లో వాడిన 'అరయు' ధాతువు ఇందులో సజీవంగా ఉంది. అర్సుకొనేవాడు పోషించేవాడు మాత్రమే కాదు, ఎట్లున్నారో కనుక్కునేవాడు. సగానికి మించి వ్యయం అన్న కొలతకు ఈ క్రియ లొంగదు. అనువాదకులు ఈ మాటను పట్టించుకోకపోవడం విచారకరం.

బోధన్ స్థలపురాణం ఈ సందర్భంలో అనుకోని తోడ్పాటు ఇస్తుంది. ఈ ఊరే భారతంలోని ఏకచక్రపురమని స్థానికుల విశ్వాసం. దేశంలో మరికొన్ని ఊళ్లు కూడా ఇదే చెప్పుకుంటాయి గనుక చారిత్రక నిర్ణయం ఇక్కడ అనవసరం. ఆదిపర్వంలో నన్నయ తెనిగించిన ఆ కథ నిజానికి ఆధారితులెవరు అన్న చర్చ. బకాసురునికి వంతు చొప్పున బండెడు అన్నంతో పాటు ఒక మనిషిని పంపవలసిన దినం ఒక బ్రాహ్మణుని ఇంటికి వచ్చింది. తాను వెళ్తానని అతడు, తాను వెళ్తే పిల్లలకు తండ్రి మిగులుతాడని భార్య, ఎప్పటికైనా మరొకరికి ఇవ్వవలసినదాన్నే కదా అని కూతురు వాదించుకుంటారు. చిన్న కొడుకు చేతికి దొరికినదాన్ని ఆయుధంగా పట్టుకొని రాక్షసుణ్ని చంపుతానంటాడు. ప్రతివారూ తమ మీద ఎవరు ఆధారపడి ఉన్నారో, తాము లేకపోతే ఎవరు నిలబడలేరో లెక్క చెబుతారు. ఆ లెక్కలన్నీ విని చిక్కు విప్పినది పక్కన తలదాచుకుంటున్న కుంతి.

కుంతి స్థితి గమనార్హం. పరాయి ఊరు, అద్దెకొంప వంటి ఆశ్రయం, మారువేషం. కొడుకులు బిచ్చమెత్తి తెచ్చిన అన్నమే ఆమె జీవనాధారం. ఏ చట్టం లెక్కలోనైనా ఆమె సంపూర్ణ ఆధారిత. కాని ఆ అన్నాన్ని పంచేది ఆమె. సగం భీమునికి, మిగిలిన సగం తక్కినవారందరికీ. ఏ కొడుకును రాక్షసుని మీదికి పంపాలో నిర్ణయించేదీ, ధర్మరాజు అభ్యంతరం చెబితే సమాధానపరిచేదీ ఆమే. పోషణ కొడుకులది, అధికారం తల్లిది. ఈ రెండూ ఒకే మనిషిలో వైరుధ్యం లేకుండా ఇమడగలవని ఏకచక్రపుర కథ చూపింది. ఆధునిక ప్రవాస కథ వీటిని విడదీసింది. తల్లి పోషణ పొందితే నిస్సహాయురాలు, నిర్ణయం తీసుకుంటే మొండిమనిషి. ఆరు నెలలకు ఒకరోజు ముందే వెళ్తానని పట్టుబట్టే తల్లిని కథకులు అలిగినట్లు చిత్రిస్తారే గాని, ఆమె తన వచ్చే వీసాను కాపాడుకుంటున్న లౌక్యురాలు కావచ్చన్న ఊహ వారికి తట్టదు.

లౌక్యం అన్న మాట ఇక్కడ నిందగా వాడినది కాదు. చెరకు ప్రాంతంలో దానికి పునాది భూమిలోనే ఉంది. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ల ఆధారంగా, 1937లో శక్కర్‌నగర్‌లో ఏర్పడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఆధారంగా ఇక్కడి చెరకు విస్తరించింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న రైతు కుటుంబాలు అట్లా స్థిరపడినవే. ఆనాటి వలసలో తల్లిదండ్రులను వెంట తెచ్చుకోవడానికి ఏ గడీ నింపనక్కరలేకపోయింది. 2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు వెళ్లడమో, పొలం వరికి మారడమో జరిగింది. అయితే ఆ పొలానికి మరొక విలువ వచ్చింది. తండ్రి పేరున ఉన్న పట్టాదారు పాసుపుస్తకం వీసా అధికారి ముందు 'తిరిగి రావడానికి కారణం'గా నిలుస్తుంది. పిల్లలకు పంచకుండా తండ్రి పేరునే పొలం ఉంచడం వెనుక మమకారంతో పాటు ఈ లెక్క కూడా ఉండవచ్చు. గానుగ ఆగిపోయిన ఊళ్లో చెరకు పొలం సాక్ష్యపత్రంగా మారడం ఎంతటి కథావస్తువో చెప్పనక్కరలేదు. క్యాంపు జీవితం తెలిసిన కథకుడి కోసం అది ఎదురుచూస్తోంది.

కాగితాలూ నిబంధనలూ సాహిత్యానికి ముడిసరుకు కావని, హృదయవేదనే కథకు ప్రాణమని ఒక అభ్యంతరం రావచ్చు. తెలుగు సాహిత్య చరిత్ర ఈ అభ్యంతరాన్ని సమర్థించదు. 'కన్యాశుల్కం' చివరి అంకాలు కోర్టు వ్యవహారం లేకుండా నిలబడవు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' మద్యనిషేధ చట్టం, కోర్టు విధానం తెలియని రచయిత రాయగలిగినవి కావు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' మొత్తం ఒక అప్పు లెక్క చుట్టూ తిరుగుతుంది. నిజామాబాద్ ఖిల్లా జైలు అనుభవం ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలులోపల' కథల్లో ఖైదీ వేదనను జైలు పద్ధతుల నుంచి వేరుచేసి చెప్పలేదు. నిబంధన తెలిస్తే వేదన తగ్గదు, దానికి చిరునామా దొరుకుతుంది. ప్రవాస కథలో వేదనకు చిరునామా లేకపోవడం వల్లనే అది తరచు కోడలి మీదికో కొడుకు స్వార్థం మీదికో మళ్లుతుంది. గడువు విధించిన చట్టం తప్పించుకుంటుంది, కోడలు దొరికిపోతుంది.

దీనికి భిన్నమైన మార్గం శ్రీరమణ 'మిథునం'లో ఉంది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఎవరి గడిలోనూ లేరు; తమ పెరటితో తామున్నారు. ఆ కథకు దక్కిన అపారమైన ఆదరణలో దూరాన ఉన్న సంతానపు ఊరట కూడా కొంత ఉందేమో పరిశీలించాలి. తల్లిదండ్రులు నిజంగానే స్వతంత్రులు, మన పోషణ వారికి అక్కరలేదు అన్న ఊరట అది. అందులో కథ దోషం లేదు. పాఠకుడు దాన్ని వాడుకున్న తీరు వేరు.

భారతీయ చట్టం ఈ సంబంధాన్ని మరొక దిక్కు నుంచి చూస్తుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ప్రకారం సంతానం నుంచి నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు మనోవర్తి కోరుతూ తల్లిదండ్రులు రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు. విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. చట్టం మాట భారత పౌరుల గురించే. కొడుకు అమెరికా పౌరసత్వం పుచ్చుకున్ననాడు తల్లికి శాశ్వత నివాసం కోసం దరఖాస్తు చేసే అర్హత అతనికి వస్తుంది. అదే నాడు అతడు ఈ చట్టం చెప్పే పౌరుడు కాకుండా పోతాడు. ఒకే ప్రమాణ స్వీకారంతో ఒక తలుపు తెరుచుకొని మరొకటి మూసుకుంటుంది.

ఇంతవరకు చెప్పినది అమెరికా దారి. నిజామాబాద్ జిల్లా వలసలో అంతకంటె పాతదీ విస్తృతమైనదీ గల్ఫ్ దారి. పొరుగున ఉన్న సిరిసిల్ల ప్రాంతం నుంచి పెద్దింటి అశోక్‌కుమార్ 'ఎడారి మంటలు' నవలగా దాన్ని పట్టుకున్నాడు. ఆ దారిలో తల్లిదండ్రుల స్థితి వేరు. గల్ఫ్ దేశాల్లో వేతనం మీద ఆదాయపు పన్ను లేదు గనుక ఆధారితుల గడి లేదు. కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నిర్ణీత స్థాయి వేతనం చూపాలి. కూలి వీసా మీద వెళ్లినవాడికి అది అందే మాట కాదు గనుక ఆహ్వాన లేఖ కూడా లేదు. బీడీలు చుట్టి తన పేరున పి.ఎఫ్. ఖాతా సంపాదించుకున్న ఆర్మూర్ వైపు అవ్వ ఏ కాన్సులేటు కిటికీ ముందు నిలబడదు. ఆధారితురాలిగాను, అతిథిగాను ఆమెను ఎవరూ ప్రశ్నించరు. పైగా దుబాయి వెళ్లిన కొడుకు వీసా అప్పుకు ఆమె బీడీ కూలి వడ్డీ కడుతుంటే, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారన్న లెక్క తలకిందులవుతుంది.

ఆమె పేరు అధికారికంగా రాయబడే కాగితం ఒకటుంది. పదో తరగతి చదవని కార్మికుడు వలస అనుమతితో గల్ఫ్ వెళ్లేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 10 లక్షల రూపాయల ఆ బీమా పత్రంలో నామినీ గడి ఉంటుంది. పెళ్లికాని కొడుకులు అక్కడ సాధారణంగా అవ్వ పేరే రాయిస్తారు. నిజామాబాద్‌లోని ఏజెంటు దుకాణంలో ఆ పేరు చెప్పేటప్పుడు కొడుకు గొంతు ఎట్లా ఉంటుందో, ఇంటికొచ్చి ఆ కాగితం గురించి అవ్వకు ఏమని చెబుతాడో, అసలు చెబుతాడో లేదో, గల్ఫ్ కథ ఆ గది దాకా ఇంకా వెళ్లవలసి ఉంది.